గొంతులో గంధం

నేను ఒక్క చోట నిలవలేను. నిలిచానంటే నా పని అయిపోయినట్టే.

పిడికిట్లో పట్టే ఇంజిన్ని నేను. మూడున్నర సీసీ. రిమోట్‌తో తోలే బగ్గీ కారు నడుములో బిగించి ఉంటాను. దాన్ని ఎవరైనా బొమ్మకారు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మీ మోటార్ సైకిల్ నిమిషానికి పదివేల చుట్లు తిరిగేసరికి ఆయాసపడి ఊగిపోతుంది. నేను ముప్ఫై వేల దగ్గర హాయిగా కూస్తాను.

అలాంటి నేను ఆ ఆదివారం ఉదయం పది గంటలకి, భీమిలి దారిలో రొయ్యల చెరువులు పూడ్చి వేసిన రేసు ట్రాకు పక్కన, ఒక మడత బల్ల మీద చల్లగా పడి ఉన్నాను. పదకొండుకి ఫైనల్. దానికి కిందటి ఆదివారమే నెగ్గి ఉన్నాం. జెండా ఊపేలోగా నేను లేవకపోతే నా కారుకి పందెంలో చోటు లేదు. అది చిన్న నష్టం. నా తాడు పట్టుకుని లాగుతున్న మనిషికి అంతకంటే పెద్ద నష్టం కాచుకుని ఉంది. నేను ఎందుకు లేవడం లేదో ఆ గంటలో పదిమంది ముందు తేలితే, దాంతో పాటు అతను రెండేళ్ళుగా దాచుకున్న గుట్టు కూడా బయటపడుతుంది. అది బయటపడ్డ మర్నాడు అతని షెడ్డు గడప ఎవరూ తొక్కరు.

నా రోగం ఏమిటో నాకు తెలుసు. అతని గుట్టు ఏమిటో కూడా తెలుసు. చెప్పడానికి నాకున్నది ఒక్క గొంతు. అది మూసుకుపోయి ఉంది.

కాస్త వెనక్కి వెళ్ళాలి. తొందరగానే వచ్చేద్దాం.

నేను పుట్టింది తైవాన్లో. ఒక అమ్మాయి దీపం కింద కూర్చుని, నా పిస్టన్‌ని నా గొట్టంలోకి తోసి వేలితో తిప్పింది. పైకంటా వచ్చేసరికి పిస్టన్ కొంచెం బిగుసుకోవాలి. ఆ బిగువే మా జాతి ప్రాణం. ఆమె తల అడ్డంగా ఊపి ఇంకో పిస్టన్ వేసింది. మళ్ళీ తిప్పింది. మూడోది వేసినప్పుడు నవ్వింది. నన్ను పెట్టెలో పెట్టి మూత వేసింది. నా జీవితంలో నెమ్మదిగా జరిగిన పని అదొక్కటే.

పెట్టె తెరిచింది భుజంగరావు అనే ఓడ కెప్టెన్. సింగపూర్లో కొని విశాఖపట్నం తెచ్చాడు. సముద్రం మీద వేల మైళ్ళు దారి తప్పకుండా నడిచే మనిషి, నన్ను తీసుకెళ్ళి బీచ్ ఇసుకలో తోలాడు. రెండు ఆదివారాలు ఇసుక మింగాను. మూడో ఆదివారం లేవలేదు. కెప్టెన్ మర్యాదగా ఇంగ్లీషులో రెండు తిట్లు తిట్టి, కడుపులో ఫ్యూయల్ అలాగే ఉంచి, అటక మీద పెట్టేశాడు. నా ఫ్యూయల్‌లో మెథనాల్ ఉంటుంది, నైట్రో ఉంటుంది, ఆముదం ఉంటుంది. మెథనాల్‌కి గాలిలో తేమ కనిపిస్తే చాలు, తాగేస్తుంది. సముద్రపు గాలిలో నాలుగేళ్ళు తాగింది. మనుషులు వాడని వస్తువుని 'దాచాం' అంటారు. దాచిన చోట ఆ వస్తువు ఏం చేస్తూ ఉంటుందో ఎవరూ ఆలోచించరు. తుప్పు పడుతూ ఉంటుంది.

ఒకరోజు కెప్టెన్ స్కూటర్ బాగుచేయించడానికి వెళుతూ, నన్ను కూడా సంచిలో పడేశాడు. అలా కంచరపాలెంలోని ఒక రేకుల షెడ్డుకి చేరాను.

షెడ్డు యజమాని గనిశెట్టి సన్యాసిరావు. ఆ పేరుతో అడిగితే ఊళ్ళో ఎవరూ దారి చెప్పలేరు. 'చెవి సన్యాసి' అనాలి. బండి ఇంకా వీధి మలుపులో ఉండగానే, కూర్చున్న చోటి నుంచి లేవకుండా, "రింగులు పోనాయి, దించండి" అనేవాడు. విప్పి చూస్తే రింగులే పోయి ఉండేవి. స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే రోగం చెప్పడం అతని విద్య. దాని మీదే ఇల్లు కట్టాడు, పేరు తెచ్చుకున్నాడు, కొంచెం పొగరు కూడా తెచ్చుకున్నాడు.

కెప్టెన్ స్కూటర్ పట్టుకెళ్ళాడు. నాకోసం మళ్ళీ రాలేదు. సన్యాసిరావు నన్ను వారం రోజులు కిరోసిన్లో నానబెట్టాడు, బేరింగులు మార్చాడు, తాడు లాగాడు. నేను కూసిన క్షణంలో అతను చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"కూసినాది! సూడు, పురిటిబిడ్డలాగ కూసినాది!"

ఎనిమిదేళ్ళయింది. అప్పుడతనికి చెవులున్నాయి.

నన్ను తోలేది అతని మేనకోడలు నీలవేణి. పోర్టులో క్రేన్ ఆపరేటర్. వందడుగుల ఎత్తున గాజు గదిలో కూర్చుని, ఇనప కంటెయినర్లని పళ్ళెంలో ఇడ్లీలు పెట్టినట్టు ఓడలోకి దించుతుంది. అలాంటి చేతుల్లో రిమోట్ ఉంటే నాకు మలుపులంటే భయం పోయింది. షెడ్డులో నన్ను సర్దడం మావయ్య పని, ట్రాకు మీద తోలడం ఆమె పని. ఈ ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టలేదు.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం సన్యాసిరావు నన్ను లేపి, ఎప్పటిలాగే చెవి దగ్గర పెట్టుకున్నాడు. నేను గొంతు చించుకుంటున్నాను. అతని మొహంలో ఏమీ కదల్లేదు. ఎడమ చెవి నుంచి కుడి చెవికి మార్చాడు. అప్పుడూ లేదు. నెమ్మదిగా నన్ను ఆపేసి, షెడ్డు తలుపు వేసి, చాలాసేపు స్టూలు మీద కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళు సైలెన్సర్లు విప్పేసి ఇంజిన్లు విన్నవాడు. ఆ విన్నవన్నీ కలిసి అతని చెవులు తినేశాయి.

ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా బతకడం నేర్చుకున్నాడు. మాట్లాడేవాళ్ళని వెలుతురు వైపు నిలబెట్టి పెదాలు చూసేవాడు. మీసాలు దట్టంగా ఉన్నవాళ్ళతో మాత్రం ఇబ్బంది పడేవాడు. ఫోన్ మోగిన సంగతి ఎవరైనా చూపిస్తే "టవర్ నేదు" అని జేబులో పెట్టేసేవాడు. ఇక బండ్లు. స్కూటర్ ట్యాంకు మీద అరచెయ్యి ఆనిస్తే అది అదురుతుంది. ఆ అదురులో రోగం దొరికేది. చూసేవాళ్ళు, ఇప్పుడు చెవి కూడా అక్కర్లేదు, తాకితే చెప్పేస్తున్నాడని ఇంకా గొప్పగా చెప్పుకున్నారు.

నా దగ్గర మాత్రం ఆ ఎత్తు పారదు. ముప్ఫై వేల చుట్ల దగ్గర నా అదురు వేలికి తిమ్మిరిలా తెలుస్తుంది, అంతే. అందుకే రెండేళ్ళుగా అతను నా నీడిల్ ముట్టుకోలేదు. నీడిల్ అంటే ఫ్యూయల్ ఎంత రావాలో కొలిచే చిన్న ఇత్తడి మర. ఎవరైనా అడిగితే, "అది సెట్టయిపోనాది, తిప్పకూడదు" అనేవాడు. తిప్పాల్సిన అవసరం కూడా రాలేదు.

మొన్న దసరాకి వచ్చింది.

ఆయుధ పూజ నాడు షెడ్డులో ప్రతి స్పానర్‌కీ స్నానం, ప్రతి ఇంజిన్‌కీ బొట్టు. నన్నూ విప్పి, కిరోసిన్తో కడిగి, గొట్టాలు ఊడదీసి, ఎర్రగుడ్డ మీద కూర్చోబెట్టాడు. సన్యాసిరావు గంధంలో పసుపు కలిపి చిక్కగా రంగరించాడు. పల్చగా పెడితే దేవుడికి ఆనదని అతని నమ్మకం. నా నెత్తి మీద ఒక బొట్టు. కార్బురేటర్ మీద ఒక బొట్టు. ఇక సైలెన్సర్.

నా సైలెన్సర్ పక్కన చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్కు ఒకటి ఉంటుంది. నేను వదిలే పొగలో కొంచెం ఆ ముక్కులోంచి, ఒక రబ్బరు గొట్టం గుండా, వెనక ఉన్న ట్యాంకులోకి వెళుతుంది. ఆ పొగే ఫ్యూయల్‌ని ముందుకు తోసి నాకు అందిస్తుంది. నా అన్నం నేనే తోసుకుని తింటానన్నమాట. రబ్బరు గొట్టం ఊడి ఉన్నప్పుడు ఆ ముక్కు చూడ్డానికి అచ్చం బొట్టు పెట్టమని చాచిన నుదురులా ఉంటుంది. సన్యాసిరావు వేలితో గంధం తీసి, భక్తిగా, గట్టిగా, అక్కడ నొక్కాడు. పైన కుంకుమ అద్దాడు. హారతి ఇచ్చాడు.

మూడు రోజుల్లో గంధం రాయిలా గట్టిపడింది. శనివారం దాని మీదే రబ్బరు గొట్టం తొడిగి, నన్ను కారులో బిగించి, మర్నాడు ట్రాకుకి తెచ్చాడు. శత్రువులు చేయాల్సిన పని భక్తితో చేస్తే ఎలా ఉంటుందో నేను చెప్పగలను.

ఇదీ నా గొంతు సంగతి. ఇప్పుడు బల్ల దగ్గరికి వద్దాం. పది దాటి అయిదు నిమిషాలు.

మొదటి లాగుడు. ఏమీ లేదు. నాలుగు లాగుళ్ళు. ట్యాంకు నుంచి నాకు వచ్చే గొట్టంలో ఫ్యూయల్ కదల్లేదు. సన్యాసిరావు నాలో నిప్పు రాజేసే గ్లో ప్లగ్ విప్పి బ్యాటరీకి తగిలించాడు. తీగ ఎర్రగా వెలిగింది. ప్లగ్గు మంచిదే. మళ్ళీ బిగించి, కార్బురేటర్ నోట్లో నాలుగు చుక్కలు ఫ్యూయల్ పోసి లాగాడు. తొందరలో నాలుగు కాస్తా పది చుక్కలయ్యాయి. తాడు సగంలో బిగుసుకుపోయింది. గొంతు మూసి ముక్కులో పోస్తే నేనేం చేస్తాను?

"ఓవరైపోనాది," అని తల కొట్టుకుని, ప్లగ్గు తీసి, నన్ను తలకిందులు చేసి, తాడు లాగి, కడుపులో ఫ్యూయల్ అంతా గుడ్డ మీద కక్కించాడు.

నీలవేణి వచ్చి నిలబడింది. ఎండకి ఆమె మొహం ఆముదం తాగినట్టుంది.

"ఏటైనాది మావయ్యా? లెగుస్తాదా, నేదా?"

సన్యాసిరావు ఆమె పెదాలు చూసి చెప్పాడు. "లెగక ఎక్కడికెల్తాది? నానున్నాను కదే అమ్మీ. నువ్వెల్లి టైర్లు సూసుకో."

ఆమె టైర్లు చూడ్డానికి వెళ్ళలేదు. వెళ్ళకపోవడం మంచిదైంది. అప్పుడే కామేశం మైకు పట్టుకుని వచ్చాడు. ఊళ్ళో రిమోట్ కార్ల కొట్టు అతనిది, పందెం నడిపేదీ అతనే. చుట్టూ నలుగురైదుగురు మెకానిక్కులు. వాళ్ళలో ఇద్దరిది కంచరపాలెమే.

"ఏటి చెవి సన్యాసీ! ఇంజినేటంటంది? జొరమొచ్చిందని సెలవు చీటీ రాసిచ్చిందా?"

అందరూ నవ్వారు. వాళ్ళు నవ్వడం చూసి సన్యాసిరావు కూడా నవ్వాడు, ఒక్క క్షణం ఆలస్యంగా. ఆ ఒక్క క్షణం నాకు తెలుస్తుంది. ఇంకెవరికైనా తెలిసిందేమోనని నేను అటూ ఇటూ చూశాను. నీలవేణి కళ్ళు అతని మీదే ఉన్నాయి.

"నా దగ్గర కొత్త ఇంజినుంది నీలవేణీ," అన్నాడు కామేశం. "పది నిమిషాల్లో బిగించేస్తాను. ముసలోళ్ళిద్దర్నీ రెస్టు తీసుకోనీ."

"ఏ ఇద్దర్నండీ?"

"ఇంజిన్నీ, ఇతన్నీ."

"మా వోళ్ళు పడుకుని లెగిస్తే మీవోళ్ళు నిలబడలేరు లెండి," అంది నీలవేణి.

పదీ ఇరవై. మళ్ళీ నాలుగు చుక్కలు, ఈసారి లెక్కగా. లాగాడు. లేచాను! పోసిన చుక్కలు కాలినంతసేపు లేచాను. ట్యాంకు నుంచి ఏమీ రావడం లేదు. నోట్లో ఉన్నది అయిపోయేకొద్దీ నా కూత సన్నగా, పైకి, ఇంకా పైకి, కీచుమంటూ వెళ్ళి ఠక్కున తెగిపోయింది.

విన్న మెకానిక్ ఎవడైనా ఆ కీచు అర్థం చేసుకుంటాడు. ఆకలి కేక అది. ఫ్యూయల్ ఎక్కువైన ఇంజిన్ గుటగుటమంటూ గొంతు దించుకుని చస్తుంది. తక్కువైంది పైకెళ్ళి చస్తుంది. చెవి ఉంటే చిన్నపిల్లాడికైనా తెలిసే తేడా. కంటికి మాత్రం తెలియదు. ఇందాక పొంగిపోయిన ఆముదం సైలెన్సర్లో మిగిలి ఉంది, అది కాలి తెల్లటి పొగ బుసబుసా వచ్చింది. సన్యాసిరావు ఆ పొగ చూశాడు. ఫ్యూయల్ ఎక్కువైందనుకున్నాడు.

రెండేళ్ళుగా ముట్టని నీడిల్ మీద స్క్రూడ్రైవర్ పెట్టాడు.

"మావయ్యా, కీసుమన్నాది కదా. దానికి అందట్నేదు," అంది నీలవేణి.

"ఆ, ఇన్నాను ఇన్నాను," అన్నాడు. నీడిల్‌ని కుడివైపు తిప్పి ఇంకా బిగించాడు.

ఆకలితో చచ్చినవాడికి లంఖణం చెప్పినట్టయింది. మళ్ళీ చుక్కలు, మళ్ళీ లాగుడు. ఈసారి ఇంకా తొందరగా, ఇంకా ఎత్తున కీచుమని ఆగాను. నూనె అందని నా పిస్టన్ గొట్టం లోపల గీసుకుంది. తైవాన్ అమ్మాయి నవ్విన ఆ బిగువు కొంచెం కరిగిపోయింది. నాకు తెలిసింది. ఇలాంటివి ఇంకో రెండు మూడు పడితే ఇక నన్నెవరూ బాగుచెయ్యలేరు.

కంచరపాలెం మెకానిక్ ఒకడు పక్కవాడితో, "ఇదేటిది, ఓపెన్ సెయ్యాల్సింది టైట్ సేస్తన్నాడేటి?" అన్నాడు.

నీలవేణి అది విన్నది. ఒక్క అడుగు వేసి మావయ్య వెనక్కి వెళ్ళింది. ట్రాకు మీద ప్రాక్టీసు కార్లు అవతలి మలుపులో ఉన్నాయి. చప్పుడు తగ్గింది. మామూలు గొంతుతో, నెమ్మదిగా అంది.

"మావయ్యా, నీ సొక్కాకి నిప్పంటుకున్నాది."

సన్యాసిరావు ప్లగ్గు తుడుస్తున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు.

నేను మనుషుల్ని కింద నుంచి చూస్తాను కాబట్టి వాళ్ళ మొహాలు నాకు బాగా కనిపిస్తాయి. నీలవేణి మొహం మొదట ఖాళీ అయింది. తర్వాత కోపం వచ్చింది. తర్వాత ఏదో లెక్క వేస్తున్నట్టు కళ్ళు చిన్నవయ్యాయి. రెండేళ్ళు. టవర్ లేదు. సెట్టయిపోనాది, తిప్పకూడదు. అవన్నీ ఆమె కళ్ళ ముందు వరసగా నడిచాయనుకుంటాను. పదీ ముప్ఫై అయిదు.

ఆమె బల్ల చుట్టూ తిరిగి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. కామేశానికీ మిగతావాళ్ళకీ వీపు పెట్టింది. కుడి చెయ్యి నడుము దగ్గర ఉంచి, చూపుడు వేలు పైకెత్తి, గాలిలో చిన్న సున్నా చుట్టింది.

పోర్టులో అదొక భాష. వందడుగుల ఎత్తున గాజు గదిలో ఉన్న మనిషికి కింద ఎవడు అరిచినా వినబడదు. కింద నిలబడ్డ సిగ్నల్‌మేన్ చేత్తో చెబుతాడు. వేలు పైకి తిప్పితే ఎత్తు. కిందికి తిప్పితే దించు. పిడికిలి బిగిస్తే అలాగే ఉంచు. పన్నెండేళ్ళుగా నీలవేణి చెవులతో పనిలేకుండానే ఇరవై టన్నులు మోస్తోంది.

సన్యాసిరావుకి అర్థం కాలేదు. ఆమె మళ్ళీ వేలు చుట్టింది, పైకి, పైకి, ఠక్కున పిడికిలి. నా కూత అలా పైకెళ్ళి తెగిందని నా వైపు చూపించింది. తర్వాత గొంతు రాకుండా, పెదాలతో మాత్రమే అంది.

"నానింటాను. నువ్వు తిప్పు."

అతని చేతిలో ప్లగ్గు జారి బల్ల మీద పడింది. మెడ దగ్గర్నుంచి ఎరుపు పాకింది. ఒక్క క్షణం, సామాన్లు సర్దుకుని వెళ్ళిపోతాడనే అనుకున్నాను. కాళ్ళు అటు తిరిగాయి కూడా. నీలవేణి కదల్లేదు. చెయ్యి నడుము దగ్గర అలాగే ఉంది, కళ్ళు అతని కళ్ళలో ఉన్నాయి. వెనక కామేశం మైకులో, "ఫైనల్‌కి ఇరవై నిమిషాలు!" అన్నాడు.

సన్యాసిరావు ప్లగ్గు తీసుకుని బిగించాడు.

చుక్కలు. లాగుడు. నేను కీచుమంటూ పైకెళ్ళాను. నీలవేణి వేలు నాతో పాటే పైకి తిరిగింది. అతని చూపు ఆ వేలి మీద ఉంది. ఆ చూపు నాకు తెలుసు. పూర్వం కళ్ళు మూసుకుని వినేవాడే, ఆ శ్రద్ధే, ఇప్పుడు కళ్ళు తెరిచి ఉంది. నీడిల్ ఎడమవైపు తిప్పాడు. ఒక చుట్టు. మళ్ళీ లాగుడు. వేలు పైకే. ఇంకో చుట్టు. వేలు పైకే వెళ్ళి పిడికిలి అయింది.

అతను ఆగాడు. మొదటిసారి ఆ ఉదయం నిజంగా ఆలోచించాడు. నీడిల్ రెండు చుట్లు తెరిచినా అందడం లేదంటే, తప్పు నీడిల్‌ది కాదు. సైలెన్సర్ చివర బొటనవేలితో మూసి తాడు లాగాడు. మామూలుగా అయితే పొగ దారి మూస్తే ఆ ఒత్తిడికి ఫ్యూయల్ గొట్టంలో పాకి రావాలి. రాలేదు. పారదర్శకంగా ఉన్న గొట్టంలో ఒక్క చుక్క కదల్లేదు. ఒత్తిడి ట్యాంకు దాకా పోవడం లేదు.

రబ్బరు గొట్టం పీకి నోట్లో పెట్టి ఊదాడు. గాలి పోయింది. అంటే గొట్టం బాగుంది. వంగి సైలెన్సర్ ముక్కు చూశాడు.

పసుపు పచ్చగా, పైన ఎర్రగా, తన వేలి ముద్ర స్పష్టంగా ఉన్న బొట్టు.

ఆ మనిషి మొహం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నా సేత్తో నానే నీ పీక నొక్కేసినాను కదే తల్లీ," అన్నాడు నాతో. అతను నాతో మాట్లాడటం అదే మొదలు.

"ఏదైనా సూదిలాటిదుందేటే?"

నీలవేణి గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసి అరచేతిలో పెట్టింది. రాయిలాంటి గంధం కొంచెం కొంచెంగా పొడిపొడిగా రాలింది. చివరి ముక్క ఊడినప్పుడు నాలోంచి ఒక చిన్న నిట్టూర్పు బయటికి వచ్చింది. అది ఎవరికీ వినపడలేదు. నీడిల్‌ని పొద్దున ఉన్న చోటికే తిప్పి, గొట్టం తొడిగి, బొటనవేలు అడ్డం పెట్టి తాడు లాగాడు. ఫ్యూయల్ గొట్టంలో చీమలబారులా పాకి వచ్చింది. పదీ యాభై రెండు.

రెండో లాగుడుకే లేచాను.

నీలవేణి వేలు పైకి తిరిగింది, కొంచెం ఆగింది, కొంచెం దిగింది. అతను నీడిల్‌ని వెంట్రుకవాసి అటు, వెంట్రుకవాసి ఇటు తిప్పాడు. పిడికిలి బిగిసింది. అలాగే ఉంచు. వెనక ఉన్నవాళ్ళకి ఒక ఆడమనిషి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడటం కనిపించింది, అంతే.

ఇరవై నిమిషాల పందెం. దాని గురించి గొప్పలు చెప్పను. ఉదయం గీసుకుపోయిన పిస్టన్ గొట్టంతో పరిగెత్తాను, ప్రతి చుట్టుకీ బలం తగ్గుతోంది. ఎనిమిదో నిమిషంలో ఫ్యూయల్ కోసం పిట్‌లోకి వచ్చినప్పుడు నీలవేణి ఎత్తు మంచె మీద ఉంది, ఆమె రెండు చేతులూ రిమోట్ మీద ఉన్నాయి. వేలు చూపించేవాళ్ళు లేరు. సన్యాసిరావు నా పొగ చూశాడు. పల్చగా ఉంది. ఎవరినీ అడక్కుండా నీడిల్ కాస్త తెరిచాడు. సరిగ్గా నాకు కావాల్సినంత. పదిమందిలో నాలుగో స్థానంలో గీత దాటి, అక్కడే ఆగిపోయాను. ఇక లేవనని ఇద్దరం అనుకున్నాం, నేనూ, నన్ను ఎత్తుకున్న అతనూ.

కామేశం మైకు పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. చెడ్డవాడు కాదతను, ఓడినవాడి కంటే గెలిచినవాడి పక్కన నిలబడటం ఇష్టం, అంతే.

"చచ్చిందనుకున్న ఇంజిన్ని లేపేశాడు మన చెవి సన్యాసి! ఒరే, మీ కొత్త మిషన్లూ మీటర్లూ ఎందుకురా? ఆ చెవి ఒక్కటి చాలు! చెప్పు సన్యాసీ, ఏటి విన్నావు?"

చప్పట్లు కొట్టారు. కంచరపాలెం ఇద్దరూ గట్టిగా కొట్టారు. గుట్టు పోలేదు. ఇంకో పదేళ్ళకి సరిపడా పేరు కూడా వచ్చింది. నీలవేణి గబగబా మెట్లు దిగి వచ్చింది, తను జవాబు చెప్పేద్దామని. సన్యాసిరావు ఆమెని చూశాడు. వస్తూనే ఆమె కుడి చెయ్యి నడుము దగ్గరికి వెళుతోంది, సైగ చెయ్యడానికి సిద్ధంగా. ఇక ఎప్పుడూ అలాగే, ఎక్కడికి వెళ్ళినా, తన ఎదురుగా నిలబడి తన గుట్టు కాయాలి.

అతను కామేశం చేతిలోంచి మైకు తీసుకున్నాడు. తన గొంతు ఎంత పైకి వెళుతోందో తనకి తెలియదు కాబట్టి గట్టిగా అరిచాడు.

"నాకినపడదు! రెండేల్లయింది! ఇంజినిన్నది మా నీలవేణి. గంధం పెట్టి దాని పీక మూసేసినోన్ని నాను. ఇంటన్నారా? మీరింటే సాలు, నాకెలాగా ఇనపడదు."

మైకు కూడా కీచుమంది. ఎవరూ నవ్వలేదు. నవ్వాలో వద్దో తెలియక కామేశం మైకు తీసుకుని కట్టేశాడు.

"ఏటి మావయ్యా ఇది! ఎవులడిగినారు నిన్ను?" అంది నీలవేణి. ఆమె కళ్ళు నిండిపోయాయి.

"గట్టిగా సెప్పే, ఇనబడట్నేదు," అన్నాడతను.

ఇప్పుడు నేను షెడ్డులో, పనిబల్ల చివర, చెక్క దిమ్మ మీద ఉన్నాను. నీలవేణి కారులో కొత్త ఇంజిన్ బిగించారు. నా తాడు ఎవరు లాగినా దారంలా వచ్చేస్తుంది, బిగువు లేదు. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదని ముందే చెప్పాను. కాబట్టి చూస్తూ ఉంటాను.

సోమవారం ఎవరూ రాలేదు. మంగళవారం ఇద్దరు వచ్చి, వాకిట్లో నిలబడి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, టీ తాగడానికే వచ్చినట్టు పక్క కొట్టుకి వెళ్ళిపోయారు. సన్యాసిరావు స్పానర్లు తుడిచాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు. సాయంత్రం నీలవేణి వచ్చి, "నాలుగు రోజులాగు మావయ్యా," అంది. ఆగడం ఎంత కష్టమో నన్ను అడగండి.

బుధవారం పదకొండింటికి ఒక ఆటో వచ్చి షెడ్డు ముందు చచ్చింది. డ్రైవరు బొద్దుగా, బుర్రమీసాలతో ఉన్నాడు. పేరు గురయ్య.

"సన్నేసన్నా!" అని అరిచాడు.

సన్యాసిరావు చెవి దగ్గర వేలు ఆడించి, లేదన్నాడు. గురయ్యకి ఆ సంగతి తెలుసు, తెలిసే వచ్చాడు, అలవాటు కొద్దీ అరిచాడంతే. ఏదో చెప్పబోయాడు. ఆ మీసాల వెనక పెదాలు సన్యాసిరావుకి అందలేదు. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అందలేదు. గురయ్య బుర్ర గోక్కుని, ఆటో వైపు చూసి, రోడ్డు వైపు చూసి, చివరికి తెగించాడు.

రెండు చేతులూ ముందుకు చాపి గాలిలో హ్యాండిల్ పట్టుకున్నాడు. భుజాలు మెల్లగా ఆడించాడు. అంటే బాగానే నడుస్తోందన్నమాట. మెట్ట ఎక్కుతున్నట్టు ఒళ్ళు వెనక్కి వంచాడు. అంతే, బుగ్గలు ఉబ్బాయి, పొట్ట అదిరింది, ఎడమ మోకాలు టకటకా కొట్టుకుంది. వెక్కిళ్ళు వచ్చినట్టు రెండుసార్లు ఎగిరి, మెడ వాల్చేసి ఆగిపోయాడు.

టీ కొట్టు దగ్గరున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని పగలబడి నవ్వారు.

సన్యాసిరావు నవ్వలేదు. ముందుకి వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, కళ్ళు చిట్లించి, ఆ మనిషిని పైనుంచి కిందిదాకా చదివాడు.

"మళ్ళీ సెయ్యి," అన్నాడు. "ఆ మోకాలుంది సూడు, అది మెట్ట ఎక్కకముందా, ఎక్కినాకా?"

గురయ్య మొహం మీద చెమట తుడుచుకుని, మళ్ళీ హ్యాండిల్ పట్టుకున్నాడు.